వరసలు లేని గది

"మార్క్సిజం వేరు, ఆ ప్రభుత్వాలు వేరు! ఎన్నిసార్లు చెప్పాలి కామ్రేడ్ మీకు?" లెక్చరర్ బల్ల గుద్దాడు. టీ గ్లాసులు గలగలలాడాయి.

దర్జీ కామ్రేడ్ తొణకలేదు. "ఒక దేశంలో దారి తప్పారంటే మనుషుల తప్పే అనుకుంటానండీ. వెళ్లిన ప్రతిచోటా జైళ్లే కట్టారంటే? నేను కుట్టిన పాతిక చొక్కాలూ చంక దగ్గరే పిగిలితే, కుట్టిన చేతిని తిట్టి ఊరుకుంటానా? తీసుకున్న కొలత కూడా చూసుకోనా?" అంది ఆమె.

ఎవరో కిసుక్కున నవ్వబోయి, లెక్చరర్ చూపు తగలగానే దగ్గేశారు.

మూలన కూర్చుని మినిట్స్ రాస్తున్న కార్యదర్శి తలెత్తలేదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. నిజానికి ఆ అనుమానం మొదట వచ్చింది అతనికే. పోయిన వారం ఆమెతో అన్నాడు కూడా. ఇప్పుడు ఆమె నోట వింటుంటే చెవులు కాలిపోతున్నాయి.

"ఈ విషం మీకెవరు ఎక్కించారు?" అన్నాడు లెక్చరర్.

కార్యదర్శి కలం ఆగింది.

"నాకూ బుర్ర ఉందిగా అండీ," అంది ఆమె. అతని వైపు చూడనైనా చూడలేదు.

ఆ అధ్యయన మండలిలో ఒక నియమం ఉంది. గడప దాటి లోపలికొస్తే అన్న లేడు, వదిన లేదు, మామ లేడు. అందరూ కామ్రేడ్లే. మొహమాటాలు సిద్ధాంతానికి అడ్డురాకూడదని పెట్టుకున్నారు. ఎవరినైనా బహిష్కరించాలంటే మాత్రం మిగతా అందరూ చెయ్యెత్తాలి. ఒక్కరు ఎత్తకపోయినా తీర్మానం వీగిపోతుంది.

"ప్రశ్నించడమే మార్క్సిజం," అన్నాడు లెక్చరర్ గంభీరంగా. "కానీ ఇది ప్రశ్న కాదు, ద్రోహం. బహిష్కరణకు ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

"అక్కడా ఇలాగే ఎత్తించి ఉంటారు," అంది ఆమె మెల్లగా.

పదకొండు చేతులు లేచాయి. మిగిలింది కార్యదర్శిది. అందరూ అతని వైపే చూస్తున్నారు. అది నా మాటే అని ఒక్క ముక్క అంటే చాలు. పదేళ్లుగా ఆ గదిలో సంపాదించుకున్న పరువు గుర్తొచ్చింది. చెయ్యి లేచింది.

ఆమె తన దగ్గరున్న మండలి లైబ్రరీ తాళంచెవి బల్లమీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అతను గుండ్రటి అక్షరాలతో "ఏకగ్రీవం" అని రాశాడు.

మీటింగు ముగిశాక ఇంటివైపు కాళ్లు పడలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. వీధి మలుపు దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగాడు. ఇంట్లో భార్య ఉంటుంది. ఏ మొహం పెట్టుకుని ఆమె ముందు నిలబడాలి? చివరికి చేసేదేమీ లేక తన ఇంటి తలుపు తట్టాడు.

తలుపు తీసింది దర్జీ కామ్రేడే.