చేలో దూది

"మూడు రోజుల్నుంచి ఒకటే చలిజ్వరం సిస్టరుగారూ," అంటూ బుల్లయ్య కూతుర్ని మంచం మీద పడుకోబెట్టాడు.

మందులెక్కించడానికి పిల్ల ఛాతీలోంచి గుండెదాకా వేసిన ట్యూబు మీద ప్లాస్టరు తీసింది నర్సు రాజరాజేశ్వరి. చుట్టూ చీము. చీముకి అంటుకుని ఓ పత్తిగింజ.

"దేంతో తుడిచావయ్యా?"

"మీరు చెప్పినట్టే, దూదితోనేనమ్మా. షాపులోది ఎవరు ముట్టుకున్నదోనని, మా చేలో అప్పుడే పగిలిన పత్తి తీశా. పదిసార్లు మందు కొట్టిన చేను, పురుగన్నది లేదు."

ఇంటికి పంపేటప్పుడు దూదితో తుడవమంది తనే. ఏ దూదో చెప్పలేదు.

పిల్ల మణికట్టు పట్టుకుంది. నాడి అందడం లేదు. డాక్టరు కోసం కేకేసింది.

బుల్లయ్య మాత్రం నింపాదిగా భుజాన మూట దించి విప్పాడు. నిండా తెల్లటి పత్తి.

"వార్డులో మిగతా పిల్లలక్కూడా తెచ్చానమ్మా."