లాభం తర్వాత రెండు

మండపేటలో ఆ ఇంటికి నేను వెళ్ళింది ఊయలకి అడ్రసు ఇవ్వడానికి. ఇప్పుడు కంట్రోలరు మెమరీలో అడ్రసు లేనిదే ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు, ఫ్యాను తిరగదు. ఇంటికి పదహారే, సున్నా నుంచి పదిహేను దాకా. నంబరు పిలిస్తే వస్తువు పనిచేస్తుంది.

"పదిహేను కూడా ఫ్రిజ్జుకి పోయిందండీ. సాయంత్రమే బారసాల," అంది బాలింత హేమలత.

"నా ఫ్యాను తీసెయ్యమ్మా. విసనకర్ర ఉందిగా," అన్నారు వాళ్ళ తాతయ్య పాపారాయుడుగారు. బయట రోహిణి కార్తె ఎండ.

మనసొప్పక జాబితా తెరిచాను. సున్నా, మోటారు. దాని కింద రెండు, పొయ్యి. ఒకటి లేనే లేదు!

"ఇది రాయించిందెవరండీ?"

"నేనే. లెక్కపెట్టి చెప్పాను, బిగించినాయన రాసుకున్నాడు."

ఆయన కళ్ళాల్లో ధాన్యం కొలిచిన మనిషి. కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాత రెండు. బిగించిన ఆ బుద్ధిమంతుడు లాభం అంటే సున్నా అనుకుని, సున్నాకి ఆ పిలుపే పెట్టి, తిన్నగా రెండుకి దూకాడు. ఇరవై ఏళ్ళుగా ఒకటి ఖాళీ! దాన్ని ఊయలకి ఇచ్చాను.

సాయంత్రం ఊయల ఊపమని మొదట ఆయన్నే పిలిచారు. గొంతు సవరించుకుని, "లాభం!" అన్నారు. పెరట్లో మోటారు గుర్రుమంది. పేరంటాళ్ళు పకపకా నవ్వారు.

"అది కాదు తాతయ్యా!"

ఆయన మునిమనవరాలి మీదికి వంగి, మెల్లగా "ఒకటి" అన్నారు.

ఆ నోట లెక్క ఒకటితో మొదలవడం అదే మొదటిసారి. ఊయల ఊగింది.