తెర పడేదాకా లేవకూడదు

"మెడ వంచకు. ఒపెరాకు వచ్చిన ఆడది కుర్చీలో మహారాణిలా కూర్చోవాలి," అంది మామా. కువైట్‌లో పనిమనుషులు ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు.

సిద్ధమ్మ మెడ నిలబెట్టింది గానీ లోపల సిగ్గుతో చచ్చిపోతోంది. ఒంటిమీద ఉన్నది మామా నల్ల పట్టు గౌను. పగిలిన మడమలు తగిలినప్పుడల్లా అంచు దారం లేస్తోంది. కాళ్ళు ముడుచుకుని సోఫా కిందికి దాచుకుంది. ఇన్నేళ్ళూ తుడిచిన సోఫాయే, కూర్చోవడం మాత్రం ఇదే మొదలు.

"ఇరాక్ సిపాయిలు ఊరంతా తిరుగుతాంటే మనకీ ఆటలేంది మామా?"

"అందుకే. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది. ఈ గొడవ ఖలాస్ అయ్యాక నిన్ను వియన్నా తీసుకెళ్తాను. అక్కడ పాటల నాటకం చూస్తూ నా పరువు తీయకూడదు కదా!"

మామా భర్త కువైట్ సైన్యంలో ఆఫీసరు. ఇరాక్ దండు ఊళ్ళోకి దిగిన రోజే ఎటో వెళ్ళిపోయాడు. ఇప్పుడు సిపాయిలు వీళ్ళుండే అబూ హలీఫా పేటలో ఇల్లిల్లూ తిరిగి ఆఫీసర్ల భార్యల కోసం వెతుకుతున్నారు. అంత కష్టంలో ఉన్న మనిషికి చెప్పాపెట్టకుండా, సిద్ధమ్మ ఇండియా వాళ్ళను సరిహద్దు దాటించే బస్సుకు పేరు రాయించుకుంది. రాయించినవాడు పక్కింటి డ్రైవరు పెంచల్, ఆమె ఊరివాడే. రాయచోటిలో కూతురికి నెలలు నిండాయి మరి, ప్రాణం ఆగడం లేదు.

ఆ గుట్టు పొద్దునే రట్టయింది. సిద్ధమ్మ స్నానం చేస్తుండగా పెంచల్ గేటు దగ్గరికి వచ్చి బస్సు కబురు మామా చెవిలోనే వేసి పోయాడు. మామా ఒక్క మాట తిట్టలేదు. వీసా ఇచ్చి రప్పించుకున్న కఫీల్ ఇంట్లో పాస్‌పోర్టు ఉందంటే ఇక చేతికి రాదనుకుంది సిద్ధమ్మ. అలాంటిది మామాయే బీరువా తీసి, ఫోటో అలుక్కుపోయిన ఆ పాస్‌పోర్టు తెచ్చి బల్లమీద పెట్టింది.

"బస్సు రేపట. వెళ్ళు సిద్ధా. కాన్పు వేళ నీ బిడ్డ దగ్గర నువ్వుండాలి."

సిద్ధమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంత మంచి తల్లినా తాను దొంగచాటుగా వదిలిపోదామనుకుంది! ఈ పూట మామా ఏమడిగినా కాదనకూడదని అప్పుడే అనుకుంది. గౌను వేసుకోవడం ఆ సిగ్గుతోనే.

"పాట బాగుంటే మావూర్లో వన్స్ మోర్ అని అరుస్తాం మామా. పద్యం పాడినోనికి చొక్కాకు నోటు గుచ్చుతాం."

మామా పకపకా నవ్వింది. "యా అల్లా! అక్కడ అరిస్తే మెడపట్టి గెంటుతారు. దగ్గకూడదు. మాట్లాడకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. అందరూ కొట్టాకే చప్పట్లు. అన్నిటికంటే ముఖ్యం, తెర పడేదాకా లేవకూడదు. మధ్యలో లేచిపోవడమంత సిగ్గుమాలిన పని లేదు."

తర్వాత మామా ఇంకో కోరిక కోరింది. "నువ్వు నా గౌను వేసుకున్నావుగా. నాకు నీ చీర కట్టు."

"అయ్యో, అది కుట్లేసిన చీర. మీ ఒంటికి గుచ్చుకుంటాది మామా."

"పర్వాలేదు. ఒపెరాకు కొత్తగా వెళ్ళాలి."

తన చిరుగుల మీద మామా వేళ్ళు పడుతుంటే సిద్ధమ్మకు కళ్ళెత్తడానికి మొహం చెల్లలేదు. కుచ్చిళ్ళు పోసింది. నుదుట బొట్టు పెట్టింది. మామా అడిగితే, కొంగు తలమీదుగా ముఖం మీదికి లాక్కోవడం కూడా చూపించింది.

"మీ నాన్న పేరేంటి?"

"తిమ్మయ్య."

"తిమ్మయ్య," అని మామా రెండుసార్లు అనుకుంది. "అద్దంలో చూసుకుని వస్తా. ఆలస్యమైతే నాకోసం లేవకు. ఒపెరాలో ఆలస్యంగా వచ్చినవాళ్ళను విరామం దాకా లోపలికి రానివ్వరు."

టేపు రికార్డరు నొక్కి వెళ్ళింది.

ఎవరో ఆడమనిషి గొంతెత్తింది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆ ఏడుపు మాత్రం తెలిసిన ఏడుపే. వెనక తలుపు చప్పుడైంది. సిద్ధమ్మ తిరగలేదు. రోడ్డు మీద హారన్ మోగింది. లేవలేదు. ఈ ఒక్క పూటైనా మామా పరువు నిలబెట్టాలి. పాట సాగేకొద్దీ మనసు కరిగిపోయింది. రేపటి బస్సు ఎక్కకూడదని గట్టిగా అనుకుంది. కూతురికి వాళ్ళత్త ఉంది. మామాకు తాను తప్ప ఎవరున్నారు?

టేపు ఆగింది. సిద్ధమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టింది.

తలుపు తోసుకుని పెంచల్ వచ్చాడు. చేతిలో రొట్టెల సంచి ఉంది. గౌనులో ఉన్న ఆమెను చూసి గుడ్లప్పగించాడు.

"సిద్ధక్కా! నువ్వింకా ఈడే ఉండావా? నువ్వు పోయినావు, మామా ఒంటిగా ఉంటాదని రొట్టెలు తెస్తి!"

"నేను పోయేదేంది రా? బస్సు రేపు గదా?"

"రేపేంది? ఇందాకే పాయ. నీ పేరు పిలిచింది నా చెవులారా విన్యా."

సిద్ధమ్మ బల్లవైపు చూసింది. అక్కడ పాస్‌పోర్టు లేదు.

"మరి నీ చీర కట్టుకోని బస్సెక్కిందెవురక్కా?"