సుర్మా జోడీ

చచ్చిన ఆడ పావురాన్ని చేతిలో పెట్టుకొని ఖుద్దూస్ మిద్దె మీద నిలబడ్డాడు. తప్పెవరిదని ఎవరూ అడగలేదు, అడగక్కరలేదు కూడా. నిన్న సాయంత్రం గూటి తలుపుకు గొళ్లెం పెట్టడం మరిచింది తనే. పిల్లి వచ్చింది, దాని పని అది చూసుకొని పోయింది. కాలుగాలిన పిల్లిలా తిరగడం మాత్రం ఖుద్దూస్ వంతయింది.

చూడండి, కష్టం కూడా ఎంత అదను చూసుకొని వస్తుందో! దాని మగ పావురం సుర్మాను ఆ రోజే రేసుకు పంపాలి. తమ ఊరు ఎల్లారెడ్డి నుంచి బుట్ట తీసుకుపోయి మధ్యాహ్నంలోగా కామారెడ్డిలో అప్పజెప్పితే, పావురాల బండి నాగపూర్ పోతుంది. మర్నాడు పొద్దున అక్కడ వదులుతారు. తొందరగా సొంత గూటికి చేరినదానిదే గెలుపు. మూడు వందల యాభై కిలోమీటర్లు ఊరికే ఎవరెగురుతారు? అందుకే ఈ పావురాలవాళ్లకు ఒక ఉపాయం ఉంది. వారం ముందు నుంచే జోడీని విడదీస్తారు. పంపేముందు మగదానికి దాని ఆడదాన్ని పది నిమిషాలు తీగెల జాలీలోంచి చూపించి, ముక్కూ ముక్కూ కలిసేలోపు ఎత్తి బుట్టలో వేస్తారు. ఇక ఆ పిచ్చిది జోడీ మీది యావతో దారిలో నీళ్లకు కూడా దిగకుండా వస్తుంది.

ఇప్పుడు చూపించడానికి ఆడది లేదు.

ఈసారికి పంపొద్దని భార్య తాహేరా చెప్పి చూసింది. ఖుద్దూస్ వింటేనా? ముందు గాంధారి నుంచి, తర్వాత నిర్మల్ నుంచి, ఆ తర్వాత ఆదిలాబాద్ నుంచి వదిలి వదిలి రెండేళ్లు తయారు చేసిన పావురం. చివరికి, అచ్చం ఆ రంగులోనే ఉన్న ఇంకో ఆడదాన్ని పట్టి తెచ్చి సుర్మా గూట్లో పెట్టాడు. ఆనవాలు పట్టకుండా ముందర గోనెసంచి వేలాడదీశాడు. ఆ మసక వెలుతురులో సుర్మా మెడ ఉబ్బించి గుటుర్ గుటుర్‌మని రెండు చుట్లు తిరిగింది. రెండో నిమిషానికే దాన్ని బుట్టలో వేసి మూత బిగించాడు.

"దాన్ని మోసం చేస్తున్నరు" అంది తాహేరా.

కామారెడ్డిలో బుట్ట అప్పజెప్పేచోట భూమయ్య కలిశాడు. అతనిది కూడా పావురాల పిచ్చే. జోడీని చూపించినవా అని మాటవరసకు అడిగితే, చూపించినన్నాడు ఖుద్దూస్. అనేసి తల దించుకున్నాడు. భూమయ్య అంతటితో ఊరుకోక పోయినేటి సంగతి ఎత్తుకున్నాడు. తన మగ పావురం రేసులో ఉండగానే ఇంటి దగ్గర దాని జోడీ చచ్చిందట. అది వచ్చి ఖాళీ గూడు చూసిందట. రెండు రోజులు గింజ ముట్టలేదట, మూడో రోజు ఎగిరిపోయి మళ్లీ రాలేదట.

"నోరు లేదు గని, దానికి మనసు లేదా ఖుద్దూస్ భాయ్?" అన్నాడు.

ఖుద్దూస్ బుట్ట వెనక్కి అడుగుదామని పరుగెత్తాడు. అప్పటికే సుర్మా కాలికి రేసు రింగు తొడిగి బండిలోకి ఎక్కించేశారు. ఎక్కించాక దింపరు.

ఇంటికొచ్చిన మనిషి అన్నం ముందు కూర్చొని చేయి కడిగేసుకున్నాడు. గొళ్లెం మరవడం ఒక పాపం, ఈ నాటకం ఇంకో పాపం. ఆడదాని కోసమని ఆ మూగజీవి రెక్కలు తెగేలా ఎగిరి వస్తే, వచ్చాక దాని ముఖం ఎట్లా చూడాలి? మర్నాడు పొద్దున నమాజులో తౌబా తౌబా అని చెంపలేసుకున్నాడు.

ఆ పగలు పదకొండున్నరకు సుర్మా రానే వచ్చింది. ఉత్తరం నుంచి సూటిగా వచ్చి మిద్దె మీద వాలింది. కాలి రింగు మీది నంబరు వెంటనే ఫోన్లో కొట్టి రేసువాళ్లకు పంపాలి. ఆలస్యమైన ప్రతి నిమిషం ఓటమి కిందికే వస్తుంది. నంబరు కొట్టమని తాహేరా రెండుసార్లు చెప్పింది. ఖుద్దూస్ చేతిలో ఫోను చేతిలోనే ఉంది. కళ్లు మాత్రం గూటి మీద ఉన్నాయి.

సుర్మా గూట్లోకి దూరింది. ఇప్పుడు గోనెసంచి లేదు, పట్టపగలు. లోపలే ఉన్న కొత్త ఆడదాన్ని చూసి టక్కున ఆగిపోయింది. మెడ వంచి అటు చూసింది, ఇటు చూసింది. అయిపోయింది, కనిపెట్టేసింది అనుకున్నాడు ఖుద్దూస్. ఫోను కింద పెట్టేసి రెండు చేతులతో జాలీ పట్టుకున్నాడు.

సుర్మా నిదానంగా మెడ ఉబ్బించింది. గుటుర్‌మంటూ ఆ ఆడదాని చుట్టూ తిరిగింది. తర్వాత జొన్నలు తిన్నంత తిని, నీళ్లు తాగి, దాని పక్కన ఒదిగి కూర్చొని కళ్లు మూసుకుంది.

ఖుద్దూస్ అక్కడే చతికిలబడ్డాడు. నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్లనీళ్లూ వచ్చాయి. రేసు పోతే పోయింది, పావురం దక్కింది. నిన్నటి నుంచి మోస్తున్న బరువంతా దిగిపోయినట్టు తేలికపడ్డాడు.

"చూసినవా తాహేరా? నేను ఉత్తగనే సచ్చిపోయిన. దీనికి పాతదాని యాదన్న లేదు. అదే మనిషైతే ఇంత జల్ది మరుస్తడా?"

తాహేరా మిద్దె ఊడుస్తోంది. చీపురు ఆపకుండానే జవాబు చెప్పింది.

"మా అక్క పోయిన నలభై ఒకటో దినం, ఆమె జాగల నన్ను నిఖా చేసుకొని తెచ్చుకున్నరు. ఆ దినం మీరు గూడ గిట్లనే కడుపునిండ తిని, కంటినిండ నిద్రపోయిండ్రు."