నిబాల్దో గూటికి కొట్టిన రేకు

పని జోరుగా సాగాలని కోతమిల్లులో రంపం మీది మూత పీకించింది యజమానేనని, అక్కడి కూలీ ఎలాదియో తెముకో పట్నం కోర్టులో చెప్పాడు. ఆ రంపం కిందే నిబాల్దో పోయాడు. ఇవాళ యజమానికి జైలు పడింది.

“నీ మేలు మరిచిపోనన్నా,” అంది నిబాల్దో భార్య ఒతీలియా.

“నాదేముందమ్మా! నోరు పెగిలేలా చూడమని మొక్కుకుంటే, ధైర్యమిచ్చింది వాడే.”

చీకటి పడ్డాక, మిల్లు గోడవారగా నిబాల్దో ఆత్మకు కట్టిన చిన్న గూటి దగ్గరికి వెళ్లాడు. మొక్కుకున్నది జరిగితే పోయినవాళ్ల గూటికి కృతజ్ఞతలు రాసిన రేకు కొట్టాలి. బతికున్నవాళ్లకు గూడుండదు. “కృతజ్ఞతలు, నిబాల్దో” అని రాసిన రేకు బిగించి, సుత్తి దించాడు.

సుత్తి చప్పుడు ఆగలేదు. రోడ్డవతల నుంచి వస్తోంది.

అక్కడ నిన్న లేని గూడొకటి ఉంది. లోపల కొవ్వొత్తి వెలుగుతోంది. రేకు మీద తడి ఆరని రంగుతో, నిబాల్దో వంకర అక్షరాల్లో ఉంది: “కృతజ్ఞతలు, ఎలాదియో.”

ఎలాదియో టోపీ తీశాడు.

“నా వంతు అప్పుడేనా, తమ్ముడూ?”