రోడ్డెక్కిన బండి

కానిస్టేబుల్ విల్మర్ ఒక బస్సుని ముందుకి పంపించి ఇటు తిరిగేసరికి, లోరికా వంతెన మొదట్లో ఓ ముసలావిడ మోటార్ సైకిల్ తోసుకుంటూ ఎదురైంది. వెనక సీటుకి కట్టిన బుట్టలోంచి చేపల కంపు గుప్పుమంది.

విల్మర్‌ది చలికొండల్లోని తుంహా. ఈ ఉక్కపోత ఊళ్ళో ఇవాళ మధ్యాహ్నమే కొత్తగా డ్యూటీకి దిగాడు. "ఇన్సూరెన్స్ లేని బండి ఒక్కటి దాటిందా, నీ టోపీ ఊడుతుంది" అని చెప్పి సార్జంట్ పెర్తూస్ చెట్టు కింద ఉయ్యాలలో గుర్రు పెడుతున్నాడు.

"ఇన్సూరెన్స్ ఏదమ్మా?"

"మెల్లగా నాయనా! మీ సారు నిద్ర పాడవుతుంది" అంది ఆ ముసలావిడ, ఎనెదీనా. "లేదు."

"లేదా? రోడ్డెక్కిన ప్రతి బండికీ ఉండాలి. చట్టం!"

"బండి రోడ్డెక్కింది సరే. నేను బండెక్కలేదుగా?"

విల్మర్ టోపీ సర్దుకున్నాడు. శిక్షణలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

"ఎవర్నైనా గుద్దితేనో?"

"నడిచి గుద్దినా ఇన్సూరెన్సేనా? అలాగైతే మా ఆయనకి పెళ్ళినాడే చేయించాల్సింది. తాగొచ్చి రోజుకో గోడని గుద్దేవాడు."

నవ్వు ఆపుకోవడం కష్టమైంది అతనికి. "అవతలికి పోయాక ఎక్కవని నమ్మకమేంటి?"

"ఈ ఎండలో ఈ ఎత్తు తోస్తే ఇక నేను ఎక్కేది శవపెట్టే." ఆవిడ చేత్తో చెమట తుడుచుకుంది. "పొద్దుటి నుంచీ ఎండుతున్నాయి చేపలు. ఇవి అమ్మకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. తేల్చు."

విల్మర్‌కి ఊళ్ళో అమ్మమ్మ గుర్తొచ్చింది. పట్టుకోవడానికి మనసొప్పలేదు. ఆవిడ ఒక్కతే రొప్పుతూ తోస్తుంటే చూస్తూ నిలబడటానికీ ఒప్పలేదు. తుపాకీ వీపుకి వేసుకుని వెనకనుంచి చెయ్యి వేశాడు.

"గట్టిగా తొయ్యి నాయనా! ఆ కొండల్లో మీకు బంగాళాదుంపలు తప్ప ఏమీ పెట్టరా?"

వంతెన నడినెత్తికి చేరాక ఎనెదీనా అతని నుదుటిమీద సిలువ గుర్తు గీసింది. రెండు చేపలు ఆకులో చుట్టి చేతిలో పెట్టింది.

"అమ్మో, లంచమా?"

"లంచం కాదు, కూలి."

గర్వంగా చేపలు ఊపుకుంటూ తిరిగొచ్చాడు విల్మర్. సార్జంట్ పెర్తూస్ నిద్రలేచి ఆవులిస్తూ అడిగాడు.

"ఒరే, పొద్దున చేపల ముసల్దాని దగ్గర లాక్కుని ఈ చెట్టుకి ఆనించి పెట్టిన బండేదిరా?"