పేరుతో దొరకనివాడు

మొరాకో రాజధాని రబాత్‌లోని పాత దస్తావేజుల కార్యాలయంలో హుస్నియా, జైల్లోనే పోయిన భర్త పేరును ఐదు రకాలుగా రాసిచ్చింది. గుమాస్తా ద్రిస్ ఆన్‌లైన్ జాబితాలో అన్నీ కొట్టి చూశాడు. ఒక్కటీ తగల్లేదు.

“పేరుతో దొరకదు పిన్నీ. జైలువాళ్ళు మనుషుల్ని పేర్లతో దాచలేదుగా! ఏ జైలు? ఏ సంవత్సరం?”

చెప్పింది. ఆ జైలు కాగితాల జాబితా తెరుచుకుంది. ద్రిస్ ఒక్కో వరుసా చదువుతూ కిందికి వెళ్ళాడు.

“ఖైదీలు ఇళ్ళకు రాసిన ఉత్తరాలు. పంపనివి.” తెరమీద ఆ వరుసను తెరిచి చూశాడు. “మీ పేరుకే నలభై ఒకటున్నాయి పిన్నీ!”

హుస్నియా తెర వైపు వంగింది. “ఏడేళ్ళలో ఒక్క ముక్క రాయలేదని కాజీ ముందు ప్రమాణం చేసి విడాకులు తీసుకున్నాను నాయనా. ఆఖరిది ఎప్పటిది?”

ద్రిస్ తేదీ చదివాడు. అప్పటికి ఆమె రెండో పెళ్ళయి నాలుగేళ్ళు.

“పక్కన ‘నా భార్యకు’ అని ఉంది” అన్నాడు.